రెండు రివర్సుల కారు

మా ఆయనకీ మా మరిదికీ మాటల్లేవు. పోయిన పంచాయితీ ఎన్నికల నుంచీ లేవు. మా ఆయన బ్రహ్మం ఒక పార్టీ జెండా కట్టుకుని తిరిగాడు. మా మరిది సుధీర్ బాబు అవతలి పార్టీకి ఏజెంటుగా బూత్‌లో కూచున్నాడు. ఒకళ్ళ సర్పంచి గెలిచాడు, ఇంకొకళ్ళ సర్పంచి ఓడాడు. ఆ సర్పంచులిద్దరూ నెల తిరక్కుండా ఎవరి పెళ్ళిలోనో ఒకే బంతిలో కూచుని అరిసెలు తిన్నారు. మా కొంపలో నిప్పు మాత్రం ఆరలా.

నేను ఈ ఇంటికి కాపరానికి వచ్చేనాటికి సుధీరు నిక్కరేసుకుని బడికి పొయ్యే పిల్లోడు. వాడికి ముద్దలు కలిపి పెట్టింది నేను, జొరం వస్తే ఒళ్ళో పడుకోబెట్టుకుంది నేను. పెళ్ళై వేరు పడ్డాక కూడా మధ్యాన్నం అయితే చాలు, వచ్చి వంటింట్లో పీట వాల్చుకునేవాడు. ఎన్నికలైనాక మా గడప తొక్కలా. రోడ్డు మీద కనపడితే బండి ఆపుతాడు, "బాగున్నావా వదినా" అంటాడు. ఇంటికి రారా అంటే, "ఆయనున్న ఇంటికా?" అంటాడు. నాకు వాడు మళ్ళీ వచ్చి నా చేతి అన్నం తినాలి. ఈ గోలంతట్లో నాకు కావలసింది అదొక్కటే, ముందే చెప్తన్నా.

ఆ ఏడు మిరపకోతలు మొదలైనప్పుడు మా అత్త దుర్గమ్మ ఇద్దరు కొడుకుల్నీ షెడ్డు దగ్గరికి పిలిపించింది. అంతకు ముందు వానాకాలంలో ఆమెకి గుంటూరులో గుండె ఆపరేషన్ అయింది. బల్ల మీద పడుకోబెట్టినప్పుడు కోటప్పకొండ సామికి మొక్కుకుందంట, బతికి బయటపడితే శివరాత్రికి ప్రభ కడతానని. మొక్కుకుంటే మొక్కుకుంది, బానే ఉంది. వెదురు బొంగులు, రంగుగుడ్డలు, లైట్లు, అన్నీ పెట్టి తాడిచెట్టంత ఎత్తు నిలబెడతారు, బండి మీద కొండదాకా లాగాలి. లాగేదెవరు? మా ఊళ్ళో ట్రాక్టరున్న ప్రతోడికీ ఒక పార్టీ ఉంది.

"ఆ పార్టీ ట్రాక్టరూ వద్దు, ఈ పార్టీ ట్రాక్టరూ వద్దు. నా గుండె కుట్టింది ఏ పార్టీవోడూ కాదు. మీ నాన్న కారు లాగాల నా ప్రభని" అంది మా అత్త.

మా మామ జక్కయ్య బతికున్నన్నాళ్ళూ నరసరావుపేట బస్టాండు దగ్గర అంబాసిడర్ కిరాయికి తోలాడు. పాత మోడలు, గేరు స్టీరింగ్ పక్కనే ఉండేది. ఆయన పొయ్యాక దాన్ని తెచ్చి షెడ్డు వెనకాల పడేశారు.

"అమ్మా, దాని వెనక సీట్లో కోళ్ళు గుడ్లు పెడతన్నాయే. అది లెగిసి నడిచిద్దా?" అన్నాడు మా ఆయన.

సుధీరు నా వంక తిరిగాడు. "వదినా, ఇంజను పట్టేసి ఉండకపోతే చెయ్యొచ్చని చెప్పు."

మా ఆయన వాడికి మూరెడు దూరంలో నిలబడి ఉన్నాడు. అయినా నేను చెప్పాలి. చెప్పాను. "ఇంజను సంగతి నేను చూస్తా, గేర్లు వాణ్ణి చూడమను" అన్నాడు మా ఆయన. అదీ నేనే చెప్పాను. అత్త తలకొట్టుకుంది. అట్టా మొదలైంది నా ఉజ్జోగం.

మా ఆయనది ఇంజను చెయ్యి. ఊరి మొగదాల రోడ్డు పక్కన సొంత షెడ్డు. సుధీరు పిడుగురాళ్ళలో సున్నంబట్టీల లారీలకి గేర్‌బాక్సులు విప్పుతాడు. పొద్దున పూట అన్న పని చేస్తాడు, సాయంత్రం డ్యూటీ దిగొచ్చి తమ్ముడు చేస్తాడు. ఒకడి మొహం ఒకడు చూసుకోకూడదు కదా! పొద్దున్నే అన్న చెప్పింది నేను బుర్రలో పెట్టుకుని మిరపకాయల కోతకి పోవాలి, సాయంత్రం వచ్చి తమ్ముడికి చెప్పాలి, వాడు చెప్పింది మళ్ళీ తెల్లారి ఈయనకి. కాలు ఒకచోట నిలవని రోజులు. చేలో కాయ కోస్తన్నా, "టైమింగ్ చైను వదులుగా ఉంది, షాఫ్ట్ కురచ చెయ్యాల" అని గొణుక్కుంటానే ఉండేదాన్ని. పక్క సాలులో జమీలా, "ఏందక్కా, మంత్రాలు చదవతన్నావా?" అనేది.

చెప్పడం అంటే ఉన్నదున్నట్టు చెప్పానని ఎవరన్నా అనుకుంటే వాళ్ళంత తిక్కోళ్ళు లేరు. నోరు మంచిదైతే ఊరు మంచిది. "ఆ గాడిదకి స్పానరు ఎట్టా పట్టుకోవాలో తెలీదని చెప్పు" అంటాడు మా ఆయన. "సుధీరూ, ఆ నట్టు ఇంకొంచెం బిగిస్తావా నాన్నా అని అడగమన్నాడు" అంటాను నేను. "ఆయన ఇంజనుకన్నా మా కుక్కర్ నయం అని చెప్పు" అంటాడు వాడు. "ఇంజను శబ్దం బాగుందన్నాడయ్యా, కాస్త ఆయిలు చూసుకోమన్నాడు" అంటాను. రంగు దగ్గర మహా గొడవ పడ్డారు. అన్న తెలుపంటే తమ్ముడు నలుపు. నేను ఇద్దరికీ విడివిడిగా, "అవతలాయన మీగడ రంగు వేద్దామా అని అడిగాడు, నీకిష్టమైతేనే అన్నాడు" అని చెప్పా. ఇద్దరూ అరగంట బిర్రబిగుసుకుని కూచుని, సరేనన్నారు. మీగడ రంగేసి పాలిష్ కొట్టాక ఆ కారు చూసి మా అత్త ఏడ్చేసింది. మామ దాన్ని కొని ఇంటికి తెచ్చిన రోజు గుర్తొచ్చిందంట.

కారు బతికింది. కానీ ప్రభ లాగాలంటే బతికితే చాలదు. ప్రభది చీమ నడక. జనం తాళ్ళు పట్టుకుని పక్కన నడుస్తా ఉంటారు, ఏ మాత్రం జోరు పెరిగినా అంత ఎత్తుది ఊగి పడుద్ది. మా ఆయన ఇసక బస్తాల బండి తగిలించి ఫస్ట్ గేరులో అంత నెమ్మదిగా తోలి చూశాడు. నూరు గజాలు పోకముందే క్లచ్ మాడిన కంపు, రేడియేటర్లోంచి పొగలు.

దానికి ఉపాయం చెప్పింది సుధీరే. పాత జీపు గేర్‌బాక్సు ఒకటి పట్టుకొచ్చి, కారు గేర్‌బాక్సు వెనకాల రెండోదిగా బిగించాడు. ఒక గేర్‌బాక్సు ఇంజను జోరు తగ్గిస్తే, తగ్గినదాన్ని రెండోది ఇంకా తగ్గిస్తది. మా ఆయన కూడా ఊరుకోలా. పాత ట్రాక్టరు నుంచి చేత్తో లాగిపెట్టే యాక్సిలరేటర్ తెచ్చి స్టీరింగ్ కింద పెట్టాడు. కారు టాపు మీద నీళ్ళ డబ్బా కట్టి, సన్న గొట్టంతో రేడియేటర్ మీద చుక్కలు చుక్కలుగా పడేటట్టు చేశాడు. డిక్కీలో ప్రభ లైట్లకి జనరేటర్. రోడ్డున పొయ్యేవాళ్ళు బళ్ళు ఆపి చూసి పొయ్యేవాళ్ళు. చిలకలూరిపేట నుంచి ఎవరో కుర్రోళ్ళు వచ్చి ఫోన్లలో వీడియో తీసుకుపొయ్యారు.

ఒక్కటే చిక్కు. రెండో గేర్‌బాక్సు రాడ్డు వెనక సీటు కాళ్ళ దగ్గర పైకి లెగిసింది. ముందున్నోడి చెయ్యి అందదు. కారు నడవాలంటే ముందొకడు, వెనకొకడు ఉండాల్సిందే. ముందోడు క్లచ్ తొక్కి ఊ అనాలి, ఇద్దరూ ఒక్కసారే గేర్లు మార్చాలి.

ట్రయల్ రోజు చూడాలి మా తమాషా. ముందు సీట్లో అన్న, వెనక సీట్లో తమ్ముడు, ఇద్దరికీ మధ్య సీటు వీపు ఒకటి అడ్డం. బయట కిటికీ పట్టుకుని నేను. సైలెన్సరు ఇంకా బిగించలా, ఇంజను బొబ్బ పెడతంది.

"చెప్పవే ఆ మొద్దుకి, ఫస్ట్ వెయ్యమని!"

నేను వెనక కిటికీలో తలపెట్టి, "ఫస్ట్ వెయ్యంట నాన్నా" అని అరిచా. వాడు కొంచెం నవ్వినట్టు అనిపించింది. వేశాడు. నడిచింది, నేను పక్కనే నడిచా, నాకన్నా నెమ్మదిగా.

"ఇప్పుడు ఇద్దరం రివర్సు వేస్తే ఎట్టుంటదో అడగమన్నాడని చెప్పు వదినా" అన్నాడు సుధీరు.

"ఎవరు అడగమన్నారు?" అన్నా అయోమయంగా.

"నేనేలే. చెప్పు."

ఈ సంగతి మీకు అర్థం కావాలి. ఒక గేర్‌బాక్సు రివర్సులో వేస్తే కారు వెనక్కి పోద్ది. రెండోది కూడా రివర్సులో వేస్తే, వెనక్కి తిప్పినదాన్ని మళ్ళీ వెనక్కి తిప్పినట్టు కదా, కారు ముందుకే పోద్ది. అన్నిట్లోకీ నెమ్మదైన నడక అదే, అన్నిట్లోకీ బలమైన లాగుడూ అదే. రోడ్డు ఎగువైన చోట అదే కావాలి. మా ఇంట్లో ఇద్దరు మగాళ్ళకీ సరిగ్గా తగిన కారు అనుకుని లోపల్లోపల నవ్వుకున్నా.

కానీ ఒకడు వేసి ఒకడు వెయ్యకపోతే? మా ఆయనకి చెప్పా. ఆయన వేశాడు, సుధీరుకి వెయ్యమని నేను చెప్పేలోపు క్లచ్ వదిలాడు. సుధీరు ఇంకా ఫస్ట్‌లోనే ఉన్నాడు. కారు కుదుపుతో వెనక్కొచ్చి, ఆయన తేరుకునేలోపు నీళ్ళడ్రమ్మునీ చాకిరేవు బండనీ తోసేసి గోడకి ఆనుకుంది. అత్త గుండె పట్టుకుంది. "రేపు వెనకాల ప్రభ ఉండిద్దిరా! ప్రభ చుట్టూ జనం ఉంటారురా!" అని అరిచింది. డ్రమ్ము నీళ్ళన్నీ మా కాళ్ళ కింద పారతన్నాయి.

ఆ తర్వాత పొద్దుగూకేదాకా అదే పని. నేను "వెయ్" అంటే ఇద్దరూ వెయ్యాలి, "తియ్" అంటే ఇద్దరూ తియ్యాలి. చేతులు కుదిరాయి. సైలెన్సరు బిగించారు. ఎవరికీ చెప్పలేదు గానీ నా మనసు ఒక్కచోట నిలవడంలా. శివరాత్రి ఉపాసం విడిచే పూట వాడు నా పీట మీద కూచుంటాడనే నమ్మకం పెట్టుకున్నా.

నా నమ్మకాన్ని నా నోరే తగలబెట్టింది.

శివరాత్రి ఇంక దగ్గరికొచ్చింది. ఆ రోజు కాయ కోసీ కోసీ చేతులు భగభగ మండతన్నాయి. మజ్జిగ పోసుకున్నా, నూనె రాసుకున్నా, మంట తగ్గలా. పొద్దున మా ఆయన కారు కింద దూరి చూస్తే రెండో గేర్‌బాక్సు పట్టీకి వెల్డింగ్ చీలిందంట. ఆయన అన్న మాట చేలో పొద్దస్తమానం నా చెవిలో తిరుగుతానే ఉంది. సాయంత్రం సుధీరు వచ్చి, "ఏమన్నాడు వదినా?" అన్నాడు. మామూలుగా అయితే ముళ్ళు తీసేసి మెత్తగా చెప్పేదాన్నే. ఒళ్ళు మండిపోతంది, ఓపిక లేదు, ఎందుకు మొయ్యాలి నేను వీళ్ళ మాటలు అనిపించింది.

"నీ వెల్డింగ్ నీ పార్టీ లాంటిదంట. పైకి అతికినట్టుంటది, బరువు పడితే విడిపోద్దంట" అన్నా.

సుధీరు చేతిలో గుడ్డ కింద పెట్టాడు. కారు కిందకి పొయ్యి ఆ పట్టీ తీసి మళ్ళీ వెల్డింగ్ కొట్టాడు. చుట్టూ రెండు వరసలు కొట్టాడు. బిగించి, చేతులు కడుక్కుని, బండెక్కాడు.

"రేపు ఎప్పుడొస్తావురా?" అన్నా.

"రాను వదినా. ఆయన అంటే అన్నాడులే, ఆయన నోరు నాకు కొత్తా? నువ్వన్నావు."

బండి సందు మలుపు తిరిగిందాకా అట్టానే నిలబడ్డా. అడకత్తెరలో పోకచెక్క లాగా ఇన్నాళ్ళూ నలిగి, ఆఖరికి నాదే తప్పయింది! కోపం వచ్చింది, ఏడుపొచ్చింది, ఏది ముందొచ్చిందో చెప్పలేను. నాది తప్పంటే ఇప్పటికీ ఒప్పుకోను. కానీ ఆ మంట ముందు చేతుల మంట ఏపాటి?

మా ఆయన షెడ్డులో చేతికింద పనిచేసే సుభానీని పిలిచాడు, ఇంకెవర్నో పిలిచాడు. వెనక రాడ్డు ఎవరికీ చేతికి లొంగలా. ఒకడు రివర్సనుకుని థర్డ్ వేశాడు. మా అత్త మంచంలో గోడ వైపు తిరిగి పడుకుంది. "ఏ పార్టీ ట్రాక్టరో ఒకటి పిలవండిరా. సామి అనుకునేదేదో అనుకుంటాడు" అంది.

"పిలవద్దు. వెనక నేను కూచుంటా" అన్నా.

"నీకేం తెలుసే?" అన్నాడు మా ఆయన.

"ఏం తెలుసా? మీ ఇద్దరి మాటలూ మోసి మోసి ఈ కారులో నాకు తెలియని బోల్టు లేదు. రాడ్డు పైకెత్తి ఎడం పక్కకి నెట్టి వెనక్కి లాగితే రివర్సు. అవునా కాదా?"

ఆయన నా వంక చూశాడు. "ఎక్కు" అన్నాడు.

శివరాత్రి పొద్దున ప్రభ లేపారు. ఊళ్ళో రెండు పార్టీల ప్రభలూ ముందు పొయ్యాయి, వాటి ట్రాక్టర్లు, వాటి జెండాలు, వాటి మైకులు. చివర్న మా మీగడ రంగు కారు, దాని వెనక మా అత్త ప్రభ. ముందు సీట్లో మా ఆయన పక్కన మా అత్త, వెనక సీట్లో నేనొక్కదాన్నే. దారికటూ ఇటూ జనం చప్పట్లు కొడతన్నారు. "చేదుకో కోటయ్యా" అని కేకలు. పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టని ఉపాసం, లోపల ఇంజను వేడి, రాడ్డు పట్టుకుని పట్టుకుని నా చెయ్యి కొయ్యబారింది.

కల్వర్టు దగ్గర రోడ్డు నిట్టగా లేస్తది. అంతకు ముందే తాళ్ళు పట్టుకున్నోళ్ళల్లో సుధీర్ని చూశా. తల్లి మొక్కుకి తాడు పట్టకపోతే ఎట్టా, వచ్చాడు. ఊళ్ళో అందరితో పాటు పట్టుకున్నాడు. కారు వంక చూడలా. కానీ నా కిటికీ పక్క తాడే పట్టుకున్నాడు.

సగం ఎత్తు ఎక్కాక కారు ఆగిపోయింది. ఇంజను గుక్కపట్టింది. వెనకాల బండి బరువు లాగతంది, ప్రభ చిటారున గంటలు ఒకటే మోత. బండి చక్రాల కింద చెక్కలు తోశారు. ఒక చెక్క కిర్రుమని జారడం నాకు వినపడింది. తాళ్ళ వాళ్ళు "ఊగుతంది, ఊగుతంది" అని అరుస్తన్నారు. మా అత్త కళ్ళు మూసుకుంది. ఇప్పుడు ఇద్దరం ఒక్కసారే రివర్సు వెయ్యాలి. ఒకళ్ళది పడి ఒకళ్ళది పడకపోతే ఆ ప్రభ మీదకే పోతాం.

మా ఆయన క్లచ్ తొక్కాడు. మెడ నరాలు తేలినయ్యి. అద్దంలో చూడలా, వెనక్కి తిరగలా, గొంతు చించుకుని ఒక్క అరుపు అరిచాడు.

"సుధీరూ! వెయ్ రా!"

నేను వేశా. పైకెత్తి, నెట్టి, లాగా. లోపల ఖణేల్‌మంది. ఆయన క్లచ్ వదిలాడు. కారు ఒళ్ళంతా ఒకసారి వణికి, ముందుకి కదిలింది. బెత్తెడు, జానెడు. చెక్కలు తీస్తా, వేస్తా, జనం వెంట నడుస్తన్నారు.

పంచాయితీ ఎన్నికల నుంచీ ఆ పేరు ఆయన నోట పలకలా. "నీ మరిది" అనేవాడు, "ఆ మొద్దు" అనేవాడు. పిలిచిన సంగతి ఆయనకి తెలిసిందో లేదో నాకిప్పటికీ తెలియదు.

కిటికీ పక్కన సుధీరు తాడు ఎవరికో అందించాడు. ఆ నడకలో కారెక్కడం ఎంతసేపు? తలుపు తీశాడు.

"జరుగు వదినా."

జరిగా. వాడు నా చేతి మీదుగా చెయ్యేసి రాడ్డు పట్టుకున్నాడు. కల్వర్టు దిగాక ముందుకి వంగి, "అన్నా, ఇంక తియ్" అన్నాడు. మా ఆయన తీశాడు. కొండ దాకా వాళ్ళు మాట్లాడుకుంది అంతే: వెయ్, తియ్, ఆపు. మా అత్త వెనక్కి కూడా చూడకుండా కొంగు నోట్లో కుక్కుకుని కూచుంది.

తెల్లారి కొండ కింద, ప్రభ పక్కనే మూడు రాళ్ళు పెట్టి వండా. అన్నం, కందిపప్పు, చింతకాయ పచ్చడి. ఉపాసం విడవాలి. మా ఆయన వచ్చి కూచున్నాడు. సుధీరు కాసేపు కారు చుట్టూ తిరిగాడు, బానెట్ ఎత్తాడు, దించాడు. పిలవాలా వద్దా అనుకుంటా నేను పొయ్యిలో పుల్లలు ఎగదోస్తన్నా. పిలవక ముందే వచ్చి అన్నకి ఎదురుగా కూచుని చెయ్యి కడుక్కున్నాడు. నేను కంచం పెట్టి వడ్డించా. మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. నేను పొయ్యి వైపు తిరిగా, పొగ వచ్చినట్టు కళ్ళు తుడుచుకున్నా.

మా ఆయన నోరు ఊరుకుంటదా!

"నిన్న దిగేటప్పుడు ఆ గేరు తీసింది అట్టానా? పళ్ళన్నీ గీసుకుపొయ్యాయి. లారీలు ఎట్టా బాగుచేస్తన్నావురా, గాడిదా?"

వాడి మొహం మీదే అన్నాడు. మధ్యలో నేను లేను, ఇంజను మోత లేదు. సుధీరు చేతిలో ముద్ద ఆగింది. మా అత్త తల ఎత్తింది. లెగిసిపోతాడనుకున్నా.

వాడు అన్న వంక చూడలా. నా వంక తిరిగాడు. పెదవి చివర ఆ ట్రయల్ రోజు నవ్వే ఉంది. అప్పుడు అర్థమైంది నాకు, నేను మాటలు మార్చి చెప్తన్నానని వీడికి తెలుస్తానే ఉంది, మొదటినుంచీ.

"ఏమంటన్నాడు వదినా అన్నయ్య?"

నేను పప్పు గిన్నెలో గరిటె ముంచా.

"ఇంకొంచెం పప్పు వేసుకోమంటన్నాడు నాన్నా."

మా ఆయన నన్ను చూశాడు, వాణ్ణి చూశాడు, ఏదో అనబోయి తల దించుకుని అన్నం కలుపుకున్నాడు.

"సరే, వెయ్యి మరి" అని సుధీరు కంచం చాపాడు.